కొత్త ల్యాప్‌టాప్ ఎప్పుడొస్తుంది? ఇప్పుడే కొనాలా.. ఇంకొన్నాళ్లు ఆగాలా? లీకుల లెక్క ఇదీ!

ల్యాప్‌టాప్ కొందామని షాపుకి వెళ్తే ‘ఇప్పుడే తీసుకోండి సార్, స్టాక్ అయిపోతోంది’ అంటారు. ఫ్రెండ్‌ని అడిగితే ‘తొందరపడకురా, వచ్చే నెల కొత్త చిప్ వస్తోంది’ అంటాడు. యూట్యూబ్ తెరిస్తే ఒక వీడియోలో ‘వచ్చేస్తోంది’, ఇంకో వీడియోలో ‘వాయిదా’. మరి ఎవరి మాట నమ్మాలి? లక్ష రూపాయలు పెట్టి కొన్న పది రోజులకే కొత్త మోడల్ వస్తే ఆ బాధ మామూలుగా ఉండదు. అలాగని ఆరు నెలలు ఆగితే ఈలోపు చదువో, పనో ఆగిపోతుంది.

అసలు కొత్త కంప్యూటర్ల విడుదల తేదీలను ముందే ఎలా ఊహిస్తారు? ఆ ఊహలు ఎంతవరకు నిజమవుతాయి? ఎప్పుడు ఆగితే లాభం, ఎప్పుడు ఆగితే నష్టం? పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు:
- ప్రకటించిన రోజు, అమ్మకాలు మొదలైన రోజు, మన షాపులోకి వచ్చిన రోజు.. ఈ మూడూ వేర్వేరు.
- పాత విడుదల తేదీలు దారి చూపిస్తాయి కానీ గ్యారంటీ ఇవ్వవు.
- అవసరం నెలలోపే ఉంటే లీకుల కోసం ఆగడం చాలాసార్లు దండగ.

కంపెనీలు ముందే ఎందుకు చెప్పవు?

దీని వెనక 40 ఏళ్ల నాటి కథ ఒకటుంది. 1981లో ఆడమ్ ఆస్బోర్న్ అనే ఆయన ‘ఆస్బోర్న్ 1’ అనే కంప్యూటర్ తెచ్చారు. సూట్‌కేస్‌లా మోసుకెళ్లే కంప్యూటర్ అది. బరువు దాదాపు 11 కిలోలు, ధర 1,795 డాలర్లు. అప్పట్లో బాగా అమ్ముడుపోయింది. ఈ ఆస్బోర్న్‌కి మన దక్షిణాదితో సంబంధం ఉంది. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు. ఆడమ్ బాల్యం తమిళనాడులోని తిరువణ్ణామలైలో గడిచింది. 2003లో ఆయన చనిపోయింది కూడా కొడైకెనాల్‌లోనే.

1983లో ఆయన కంపెనీ తన తర్వాతి మోడల్ గురించి ముందుగానే చెప్పేసింది. అది విన్న డీలర్లు, కస్టమర్లు ‘కొత్తది వస్తుంటే పాతది ఎందుకు’ అని ఆగిపోయారని చెబుతారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. పోటీ, కంపెనీ లోపలి లెక్కల గందరగోళం కూడా కారణాలేనని తర్వాత చాలామంది రాశారు. ఏదేమైనా, కొత్త మోడల్ గురించి ముందే చెప్పి ఉన్న సరుకు అమ్ముడుపోకుండా చేసుకోవడాన్ని వ్యాపార ప్రపంచం నేటికీ ‘ఆస్బోర్న్ ఎఫెక్ట్’ అనే పిలుస్తోంది.

అందుకే యాపిల్ లాంటి కంపెనీలు చివరి నిమిషం వరకు నోరు విప్పవు. వాళ్లు చెప్పరు కాబట్టే బయట ఊహాగానాలకు గిరాకీ.

ఏ నెలలో ఏం వస్తాయి?

కంపెనీలు తేదీ చెప్పకపోయినా కంప్యూటర్ల ప్రపంచానికి ఒక పండగల క్యాలెండర్ ఉంది. ఏటా దాదాపు ఇదే వరస.

- జనవరి: అమెరికాలోని లాస్ వేగాస్‌లో సీఈఎస్ షో. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా కొత్త చిప్‌లు, వాటితో వచ్చే ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తాయి.
- మార్చి: 2024, 2025లో యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లను ఈ నెలలోనే తెచ్చింది. దీనికి కాస్త అటూ ఇటూగా బార్సిలోనాలో మొబైల్ షో జరుగుతుంది. అక్కడ లెనోవో లాంటి కంపెనీలు ల్యాప్‌టాప్‌లు కూడా చూపిస్తాయి.
- మే, జూన్: తైవాన్ రాజధాని తైపేలో కంప్యూటెక్స్. జూన్‌లో యాపిల్ డెవలపర్ల సదస్సు. ఇందులో సాఫ్ట్‌వేర్ ఖాయం, కంప్యూటర్లు మాత్రం అప్పుడప్పుడూ.
- సెప్టెంబర్: జర్మనీ రాజధాని బెర్లిన్‌లో ఐఎఫ్ఏ. 2024లో ఇంటెల్ ‘కోర్ అల్ట్రా 200వీ’ చిప్‌లు ఈ షో సమయంలోనే వచ్చాయి.
- అక్టోబర్: మ్యాక్‌బుక్ ప్రో. 2021, 2023, 2024, 2025లో అక్టోబర్‌లోనే ప్రకటన వచ్చింది.

కాబట్టి డిసెంబర్‌లో ఎవరైనా ‘కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు రాబోతున్నాయి’ అని చెబితే అది పెద్ద లీకేం కాదు. జనవరిలో సీఈఎస్ ఉందని తెలిసిన ఎవరైనా ఆ మాట చెప్పగలరు.

మ్యాక్‌బుక్ లెక్క ఏం చెబుతోంది?

విడుదల తేదీలను ఊహించేవాళ్లు మొదట చూసేది పాత తేదీలనే. మ్యాక్ రూమర్స్ వెబ్‌సైట్ అయితే ‘బయ్యర్స్ గైడ్’ పేరుతో ఒక్కో మోడల్ వచ్చి ఎన్ని రోజులైందో లెక్కగట్టి, కొనొచ్చో ఆగాలో చెబుతుంది. ఆ పద్ధతిలోనే మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రకటన తేదీలు చూద్దాం.

- ఎం1 మోడల్: 2020 నవంబర్
- ఎం2 మోడల్: 2022 జూన్ (19 నెలల తర్వాత)
- ఎం3 మోడల్: 2024 మార్చి (21 నెలల తర్వాత)
- ఎం4 మోడల్: 2025 మార్చి (12 నెలల తర్వాత)

మొదటి మూడు తేదీలు చూసినవాళ్లు ‘ఏడాదిన్నర దాటితేగానీ కొత్తది రాదు’ అనుకున్నారు. నాలుగోది ఏడాదికే వచ్చేసింది. అంటే సగటు తీస్తే 17 నెలలు పైన వస్తుంది, కానీ నిజంగా ఏ మోడల్ కూడా 17 నెలలకు రాలేదు. సగటు లెక్కతో వచ్చే చిక్కు ఇదే.

ఇక మ్యాక్‌బుక్ ప్రో సంగతి. 14, 16 అంగుళాల మోడల్స్ 2021 అక్టోబర్‌లో వచ్చాయి. తర్వాతివి 2023 జనవరిలో, అంటే 15 నెలలకు. ఆ పైవి అదే ఏడాది అక్టోబర్ 30న, కేవలం 9 నెలలకే. జనవరిలో ధైర్యంగా కొన్నవాళ్లకు దసరా, దీపావళి సీజన్ వచ్చేసరికే తమది పాత మోడల్ అయిపోయింది.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా ఉంది. మ్యాక్ మినీ 2014 అక్టోబర్‌లో వచ్చాక, మళ్లీ కొత్తది చూడ్డానికి 2018 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. నాలుగేళ్లు! మ్యాక్ ప్రో అయితే 2013 డిసెంబర్ తర్వాత 2019 డిసెంబర్‌లోనే మార్కెట్లోకి కొత్తది వచ్చింది. ‘చాలా రోజులైంది కాబట్టి ఇక రావాల్సిందే’ అనే లెక్క ఇక్కడ పనిచేయలేదు.

లీకులు ఎక్కడి నుంచి వస్తాయి?

అన్ని లీకులూ ఒకటి కాదు. నమ్మదగ్గవాటి నుంచి కిందికి వస్తే లెక్క ఇలా ఉంటుంది.

1. సర్టిఫికేషన్ రికార్డులు: కొత్త ఎలక్ట్రానిక్ వస్తువు అమ్మాలంటే చాలా దేశాల్లో ముందు అనుమతి తీసుకోవాలి. అమెరికాలో ఎఫ్‌సీసీ ఉంది. రష్యా, కజకిస్థాన్ లాంటి దేశాల యురేషియన్ ఎకనామిక్ కమిషన్ రికార్డుల్లో కొత్త మ్యాక్‌ల మోడల్ నంబర్లు ముందే బయటపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. మన దగ్గర ల్యాప్‌టాప్‌లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2012లో కేంద్రం తెచ్చిన ఆర్డర్‌తో ఇది మొదలైంది. బీఐఎస్‌లో నంబర్ కనిపించిందంటే భారత్‌లో అమ్మే ఆలోచన ఉన్నట్టే. కానీ ఏ రోజు అమ్ముతారో అందులో ఉండదు.

2. పేరున్న రిపోర్టర్లు, విశ్లేషకులు: యాపిల్ విషయంలో బ్లూమ్‌బర్గ్‌కు చెందిన మార్క్ గుర్మన్, సప్లయ్ చైన్ సమాచారం చెప్పే మింగ్-చీ కువో పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. వీళ్ల మాట చాలాసార్లు నిజమైంది. కొన్నిసార్లు తేదీలు తప్పాయి కూడా.

3. చేతికొచ్చిన వస్తువు: 2024 అక్టోబర్ మొదట్లో రష్యా యూట్యూబర్లు ఇంకా విడుదల కాని ఎం4 మ్యాక్‌బుక్ ప్రోను వీడియోల్లో చూపించారు. చాలామంది అనుమానించారు. అదే నెల 30న యాపిల్ దాన్నే అధికారికంగా ప్రకటించింది. అయితే ఇలాంటివి అరుదు.

4. స్టాక్ తగ్గడం, డెలివరీ ఆలస్యం: వెబ్‌సైట్‌లో డెలివరీ తేదీ వారాలు వెనక్కి జరిగితే ‘కొత్తది వస్తోంది’ అంటారు. ఒక్కోసారి నిజమే. కానీ విడిభాగాల కొరత వచ్చినా, ఆర్డర్లు పెరిగినా ఇలాగే జరుగుతుంది.

5. భారీ డిస్కౌంట్లు: పాత స్టాక్ వదిలించుకుంటున్నారన్నది దీని వెనక లెక్క. పండగ సీజన్లో అందరూ తగ్గిస్తారు కాబట్టి అప్పుడు ఈ సంకేతానికి విలువ లేదు.

6. పేరు ఊరు లేని ‘వర్గాల సమాచారం’: ఒకరు పెట్టిన పోస్టును వంద పేజీలు కాపీ కొడితే అది వంద ఆధారాలు అయిపోదు. మూలం ఒక్కటే.

‘మొదటి త్రైమాసికం’ అంటే ఏ నెల?

లీకుల్లో మనల్ని బాగా కన్‌ఫ్యూజ్ చేసేది ఈ మాటే. మామూలుగా మొదటి త్రైమాసికం అంటే జనవరి నుంచి మార్చి. కానీ యాపిల్ ఆర్థిక సంవత్సరంలో మొదటి త్రైమాసికం అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. మన దేశ ఆర్థిక సంవత్సరం ప్రకారమైతే ఏప్రిల్ నుంచి జూన్! ఒకే మాటకు మూడు అర్థాలు. అనువాదంలో ఇవి తారుమారైతే మీరు ఆరు నెలలు ఊరికే ఎదురుచూడాల్సి వస్తుంది.

అలాగే ‘ఏడాది మొదటి సగంలో’ అంటే జనవరి ఒకటి కాదు, జూన్ 30 కూడా అందులోదే. ఇలాంటి మాట వింటే చివరి తేదీనే లెక్కలో పెట్టుకోండి.

ప్రకటన వేరు.. అమ్మకం వేరు

క్వాల్‌కామ్ తన ‘స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్’ చిప్‌ను 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. ఆ చిప్‌తో ‘కోపైలట్ ప్లస్’ ల్యాప్‌టాప్‌ల అమ్మకాలు మొదలైంది 2024 జూన్ 18న. మధ్యలో ఎనిమిది నెలలు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ గేమింగ్ ల్యాప్‌టాప్‌ల సంగతీ అంతే. 2025 జనవరిలో సీఈఎస్‌లో ప్రకటించినా, మార్చి నుంచే అమ్మకాలని కంపెనీ అప్పుడే చెప్పింది.

ఆ తర్వాత మన దేశానికి రావాలి. ఇక్కడి సర్టిఫికేషన్, దిగుమతి, ధర నిర్ణయం.. ఇవన్నీ పూర్తవ్వాలి. మధ్యలో ప్రభుత్వ నిర్ణయాలు కూడా ఉంటాయి. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్స్ కావాలంటూ కేంద్రం ఒక్కసారిగా నోటిఫికేషన్ ఇచ్చింది. మర్నాడే దాన్ని నవంబర్ వరకు వాయిదా వేసింది. అలాంటి నిర్ణయం వస్తుందని ఏ లీకర్ కూడా ముందే చెప్పలేడు.

పైగా షోలో చూపించిన ప్రతి మోడల్ భారత్‌కు రాదు. వచ్చినా ర్యామ్, స్టోరేజ్ కాంబినేషన్ మారొచ్చు.

తప్పిన అంచనాలూ తక్కువేం కాదు

2003 జూన్‌లో యాపిల్ ‘పవర్ మ్యాక్ జీ5’ డెస్క్‌టాప్‌ను తెచ్చింది. ఏడాదిలో దాని వేగాన్ని 3 గిగాహెర్ట్జ్‌కు తీసుకెళ్తామని స్టీవ్ జాబ్స్ స్టేజీ మీదే చెప్పారు. ఏడాది తర్వాత వచ్చింది 2.5 మాత్రమే. కంపెనీ అధినేత చెప్పిన తేదీయే తప్పిందన్నమాట. ఇక ‘పవర్‌బుక్ జీ5’ ల్యాప్‌టాప్ వచ్చే మంగళవారమే అంటూ అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. చివరికి అది జోక్‌గా మారింది. ఆ చిప్ వేడి ల్యాప్‌టాప్‌లో ఇమడలేదు. ఆ మోడల్ ఎప్పటికీ రాలేదు.

2005 జూన్‌లో జాబ్స్ ఇంటెల్ చిప్‌లకు మారుతున్నామని ప్రకటించారు. మొదటి కంప్యూటర్లు 2006 జూన్ నాటికి వస్తాయన్నారు. ఈసారి సీన్ రివర్స్. 2006 జనవరిలోనే వచ్చేశాయి. జూన్ దాకా టైముందిలే అని పాత చిప్ మోడల్ కొన్నవాళ్లు కంగుతిన్నారు.

మైక్రోసాఫ్ట్ 2019 అక్టోబర్‌లో రెండు స్క్రీన్ల ‘సర్ఫేస్ నియో’ను చూపించి, 2020 చివర్లో తెస్తామంది. అది మార్కెట్లోకి రానే లేదు. ఇంటెల్ 10 నానోమీటర్ చిప్‌లైతే 2016లో రావాల్సినవి.. ల్యాప్‌టాప్‌లలో అందరికీ అందేసరికి 2019 అయింది. చిప్ ఆలస్యమైతే దాని మీద ఆధారపడ్డ పది కంపెనీల ల్యాప్‌టాప్‌లు కూడా ఆలస్యమవుతాయి. అందుకే ల్యాప్‌టాప్ లీకు కన్నా చిప్ వార్తలు చూడటమే మేలు.

ఆగితే లాభమా? నష్టమా?

ఆగడం కలిసొచ్చిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. 2024 అక్టోబర్ 30న యాపిల్ ఎం2, ఎం3 మ్యాక్‌బుక్ ఎయిర్‌ల బేస్ మోడల్‌లో ర్యామ్‌ను 8 నుంచి 16 జీబీకి పెంచింది. ధర పెంచలేదు. కొత్త మోడల్ కూడా కాదు, అదే మోడల్! సరిగ్గా నెల ముందు కొన్నవాళ్లకు అదే రేటుకు సగం ర్యామే దక్కింది. తర్వాత 2025 మార్చిలో ఎం4 ఎయిర్ మన దేశంలో రూ.99,900కే వచ్చింది. అంతకుముందు ఎం3 మోడల్ లాంచ్ ధర రూ.1,14,900. అంటే కొత్తది 15 వేలు తక్కువకే వచ్చిందన్నమాట.

కానీ ప్రతిసారీ ఇలా జరగదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ప్రపంచవ్యాప్తంగా ర్యామ్ ధరలు పెరిగాయి. మైక్రాన్ కంపెనీ అయితే సామాన్య కస్టమర్లకు అమ్మే ‘క్రూషియల్’ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. ఇలాంటి సమయంలో ‘ఆగితే తగ్గుతుంది’ అన్న లెక్క తలకిందులవుతుంది.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు తగ్గినప్పుడు కూడా ల్యాప్‌టాప్‌లు తగ్గుతాయని చాలామంది ఆశపడ్డారు. ఏసీలు, పెద్ద టీవీలపై 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ల్యాప్‌టాప్‌లపై ముందు నుంచీ 18 శాతమే. మార్పేమీ రాలేదు.

విద్యార్థులు ఏం చేయాలి?

మన తెలుగు రాష్ట్రాల్లో ల్యాప్‌టాప్ కొనే సీజన్ అంటే జులై, ఆగస్టే. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ పూర్తయి సీటు రాగానే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ షాపుల్లో తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలే కనిపిస్తారు. చాలా ఇళ్లలో అది ఈఎంఐ మీదో, చిట్టీ ఎత్తిన డబ్బుతోనో కొనే వస్తువు. మళ్లీ నాలుగేళ్ల దాకా ఇంకోటి కొనే పరిస్థితి ఉండదు. అందుకే వీళ్లకు తప్పు నిర్ణయం ఖరీదు ఎక్కువ.

ఆగస్టులో క్లాసులు మొదలైతే పండగ సేల్స్ సెప్టెంబర్, అక్టోబర్‌లో వస్తాయి. ఫస్టియర్‌లో కాలేజీ ల్యాబ్‌తో పని నడుస్తుందనుకుంటే రెండు నెలలు ఆగొచ్చు. మొదటి వారం నుంచే కోడింగ్ అసైన్‌మెంట్లు ఉంటే ఆగొద్దు. మిగిలే నాలుగైదు వేల కోసం సెమిస్టర్ మొదట్లోనే వెనకబడితే తర్వాత అందుకోవడం కష్టం.

అమెరికాకు ఎంఎస్ కోసం వెళ్లేవాళ్ల లెక్క వేరు. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. అక్కడి పెద్ద డిస్కౌంట్ల బ్లాక్ ఫ్రైడే వచ్చేది నవంబర్ చివర్లో. అప్పటికి సెమిస్టర్ ముగింపుకొస్తుంది. అక్కడ ట్యాగ్ మీద ధరకు రాష్ట్రాన్ని బట్టి సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది. ఇక్కడ కొంటే ఇంటర్నేషనల్ వారంటీ ఉందో లేదో బిల్లు కట్టకముందే అడగండి.

కొనేముందు ఈ ఐదు ప్రశ్నలు

- నాకు కంప్యూటర్ ఏ తేదీకి కావాలి? నెలలోపే అయితే కొనేయండి.
- ఆ తేదీకి ముందు పెద్ద షో గానీ, అధికారిక ఈవెంట్ గానీ ఉందా? నాలుగైదు వారాల్లో ఉంటే ఆగడం మంచిదే. కొత్తది కొనకపోయినా పాతది తగ్గొచ్చు.
- వస్తుందంటున్న మార్పు నాకు పనికొస్తుందా? బ్రౌజింగ్, ఆఫీస్ పనికి చిప్ మారినా పెద్ద తేడా తెలియదు.
- లీకు చెప్పింది ప్రకటన తేదీయా, అమ్మకం తేదీయా, భారత్ తేదీయా?
- కొన్నాక కొత్తది వస్తే వెనక్కిచ్చే వీలుందా? రిటర్న్, రీప్లేస్‌మెంట్ రెండూ ఒకటి కాదు. షాపు నిబంధన ముందే చదవండి.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: కొత్త మోడల్ రాగానే పాతది పనికిరాకుండా పోతుందా?
జవాబు: లేదు. అసలు చూడాల్సింది సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఎన్నాళ్లన్నది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరిన వ్యక్తిగత యూజర్లకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఇచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు విండోస్ 11 నడిచే మెషీనేనా అని తప్పక చూసుకోవాలి.

ప్రశ్న: లాంచ్ అయిన మొదటి రోజే కొనాలా?
జవాబు: తొందర లేకపోతే కొన్ని వారాలు ఆగండి. రివ్యూలు వస్తాయి, బ్యాంక్ ఆఫర్లు మొదలవుతాయి, మొదటి బ్యాచ్‌లో లోపాలుంటే బయటపడతాయి.

ప్రశ్న: కొన్న వారానికే కొత్తది వస్తే ఏం చేయాలి?
జవాబు: ముందు రిటర్న్ గడువు చూడండి. గడువు దాటితే ఆ వార్తలు చూడటం ఆపేసి, కొన్నదాన్ని వాడుకోండి. నిన్న చేసిన పని ఈరోజూ చేస్తుంది.

గమనిక: పై ధరలు, తేదీలు ఆయా సమయాల్లో కంపెనీలు ప్రకటించినవి. కొనేముందు ప్రస్తుత ధరలు, ఆఫర్లు, వారంటీ నిబంధనలను అధికారిక వెబ్‌సైట్‌లో గానీ, షాపులో గానీ సరిచూసుకోండి.